ఆషాఢం నేర్చిన ఇల్లు

లేవాలని తాను అనుకున్నాక దీపం వెలిగిందా, దీపం వెలిగింది కనుక లేవాలని అనుకున్నాడా?

మంచం అంచున కూర్చుని శ్రీకంఠం ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నాడు. జవాబు దొరికేదాకా కదలకూడదన్నట్టు పాదాలు నేలకు ఆనించి అలాగే ఉండిపోయాడు. ఐదున్నర కావస్తోంది. కిటికీలో వెలుతురు ఇంకా బూడిద రంగు విడవలేదు. స్నానాల గది ముందు దీపం మాత్రం నిండుగా వెలుగుతోంది. స్విచ్చు దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు. ఏడు నెలలుగా ఈ ఇంట్లో ఎవరికీ ఆ అవసరం రాలేదు. అది అతను చేసిన ఏర్పాటే.

యాభై మూడేళ్ళ వయసు. అందులో సగం విద్యుత్ పరిశోధనశాలలో గడిచింది, మిగిలిన దానిలో సాయంత్రాలన్నీ తత్త్వగ్రంథాల ముందు గడిచాయి. సంకల్పం ముందా, కర్మ ముందా అని శతాబ్దాలుగా వాదించుకున్నవారిని అతను శ్రద్ధగా చదివాడు. ఆ వాదాన్ని ఒకనాడు స్నానాల గది ముందు తేల్చుకోవలసి వస్తుందని అనుకోలేదు.

పరీక్షగా మళ్ళీ పడుకున్నాడు. దీపం ఆరలేదు. ఓపిక గల బంధువులా ఎదురుచూసింది. రెండు నిమిషాలకు అతనే లేచాడు.

వంటగదిలో ఇందుమతి కాఫీ గ్లాసు అందించింది.

"కలిపింది నేనే గానీ, నీళ్ళు నేను వచ్చేసరికే మరుగుతున్నాయి. ఈ ఇంట్లో నాకు మిగిలినది చక్కెర వేయడం ఒక్కటే. అదీ మీకు వద్దన్నారు డాక్టరుగారు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పదకొండుకి నూకరత్నం వస్తుంది. ఆటో మాట్లాడుకుంది."

"ఎందుకు?"

"మొన్న చెప్పాను కదండీ, మిషను తీసుకుపోవడానికి. దాని దగ్గర ఉంటే నలుగురికి జాకెట్లైనా కుడుతుంది. నా దగ్గర దుప్పటి కప్పుకుని పడుకుంటోంది." ఆమె కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో ఒక్కొక్కటిగా నొక్కుకుంది. ఆ అలవాటు ఈమధ్యనే వచ్చింది. "చేతిలో పని పోయిందండీ. ఒప్పుకుంటే సరిపోతుంది. ఒప్పుకున్నాను."

ఇరవై రెండేళ్ళుగా కుడుతున్న మనిషి. మర్రిపాలెంలో ఇందుమతి కుట్టిన జాకెట్టు భుజం మీద జారదని పేరు. కార్తీకమాసంలో ఒక పెళ్ళికూతురి జాకెట్టు చేతులకు కుట్టు వంకరలు పోయింది. విప్పి మళ్ళీ కుడితే మళ్ళీ పోయింది. ఆమె ఆ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చింది. కళ్ళజోడు రెండుసార్లు మార్చారు. నరాల వైద్యుడు చూసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేదని తెలిసినప్పటినుంచి ఆమె మరీ కుంగిపోయింది. జబ్బయితే మందు ఉంటుంది. ఇప్పుడు మాఘమాసం, ఊరంతా పెళ్ళిళ్ళు. ఇంట్లో మాత్రం దారం తెగిన చప్పుడు కూడా లేదు.

కాఫీ పూర్తిచేసి అతను పరిశోధనశాలకు బయలుదేరాడు. శనివారం, పదింటిదాకానే పని. ఉదయం వేసుకున్న ప్రశ్న చెప్పులో రాయిలా దారిపొడుగునా నొక్కుతూనే ఉంది.

అతను ఇంట్లో అమర్చిన పరికరానికి పరిశోధనశాలవారు గృహసూత్రం అని పేరు పెట్టారు. ఆలోచన చాలా సులువైనది. ప్రతి ఇంటి గోడల్లోనూ కరెంటు తీగలు ఎలాగూ ఉన్నాయి. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు, టీవీకి, ఫోనుకు కబురు చేరవేయడానికి గోడలు మళ్ళీ తొలవడం ఎందుకు? కరెంటు నడిచే దారిలోనే కబురునూ నడిపించవచ్చు. చిక్కల్లా చప్పుడుతోనే. మిక్సీ తిరిగినా, నీళ్ళ మోటారు లేచినా ఆ తీగల్లో సంత కూడినంత గోల పుడుతుంది. కబురు అందులో కలిసిపోతుంది. శ్రీకంఠం ఆ గోలతో పోట్లాడలేదు. దాన్ని వినడం నేర్పాడు. స్విచ్చుబోర్డుల వెనుక అగ్గిపెట్టెంత పెట్టెలు పంతొమ్మిది అమర్చాడు. ఏ వస్తువు ఎలాంటి చప్పుడు చేస్తుందో, ఏ వేళకు చేస్తుందో అవి విని గుర్తుపెట్టుకుంటాయి. ముందే తెలిస్తే ఆ వేళ తప్పించి కబురు పంపవచ్చు.

ఆ తరువాత వాటికి ఇంకొక అధికారం ఇచ్చాడు: వినడమే గాక సర్దడం. ఫ్రిజ్ మోటారును అర నిమిషం ఆపవచ్చు, దీపాన్ని కాస్త ముందే వెలిగించవచ్చు. ఏ సర్దుబాటైనా ఇంటిలోని మనిషికి తెలియకూడదు, రెండు శాతానికి మించకూడదు. ఆ నియమం రాసినది అతనే. రాస్తున్నప్పుడు దాన్ని దయ అనుకున్నాడు.

మొదటి ఇల్లు తన ఇల్లే. ఇరవై ఎనిమిది రోజులు పెట్టెలు ఊరికే వినాలి. ఆ విన్నదాన్ని ఇంటి సహజస్థితిగా ఎంచుకోవాలి. ఆపైన తీగలను వీలైనంతవరకు ఆ స్థితికి దగ్గరగా ఉంచాలి. ఇంతే ఆజ్ఞ. ఫలితం చూసి పరిశోధనశాల అంతా మిఠాయిలు పంచుకుంది. దేశంలో మరే పరీక్షలోనూ ఇంత నిశ్శబ్దమైన తీగలు కనిపించలేదు.

అతను తన బల్ల ముందు కూర్చుని ఎనిమిది నెలల నమోదులు తెరిచాడు. ఉదయపు దీపం సంగతి తెలుసుకుందామనే తెరిచాడు. పెట్టెలకు మనుషులు తెలియరు, వస్తువులే తెలుసు. వస్తువులకు అంకెలు ఉన్నాయి. పైనుంచి కిందికి చూస్తూ ఏడవ అంకె దగ్గర ఆగిపోయాడు.

ఏడు అంటే కుట్టుమిషను మోటారు. శ్రావణంలో రోజుకు తొమ్మిది గంటలు. భాద్రపదంలో ఆరు. ఆశ్వయుజంలో నాలుగు. కార్తీకంలో ఒకటి. మార్గశిరం నుంచి సున్నా. మెట్లు దిగుతున్న మనిషిలా ఉంది ఆ వరుస.

పక్క గడిలో సర్దుబాట్లు ఉన్నాయి. ఏడవ వస్తువు మొదలైన ప్రతిసారీ దాని పైనున్న దీపం రెండు శాతం మందగించింది. ఆ గది ఫ్యాను రెండు శాతం నెమ్మదించింది. మోటారుకు వెళ్ళే కరెంటు రెండు శాతం మేర పొంగుతూ, కుంగుతూ ఉంది. అదే వేళకు వంటగదిలో ఫ్యాను కాస్త హాయిగా తిరిగింది. ఎక్కడా నియమం తప్పలేదు. సూది ఒకచోట తొందరపడుతుంది, ఒకచోట తడబడుతుంది. కళ్ళు త్వరగా అలసిపోతాయి. మెడ వెనుక చెమట పడుతుంది. లేచి నాలుగు అడుగులు వేస్తే ప్రాణం తెరిపిన పడుతుంది. ఇలా రోజుకు నలభైసార్లు, నెలల తరబడి.

కుట్టుమిషను ఇంట్లో ఉండకూడదని దీనికి ఎవరు చెప్పారు?

వెతకవలసిన పని లేకపోయింది. వినికిడి మొదలైన తేదీ పైనే ఉంది. ఆషాఢ శుద్ధ పాడ్యమి నాడు పెట్టెలు అమర్చారు. ఇరవై ఎనిమిది రోజులూ ఆషాఢమే. ఆ నెలలో ముహూర్తాలు ఉండవు. అమర్చేవాళ్ళకు మజ్జిగ ఇస్తూ ఇందుమతి అన్న మాట ఇప్పుడు చెవిలో పడింది: "ఆషాఢంలో చీరలు కొంటారు గానీ జాకెట్లు కుట్టించుకోరండీ. శ్రావణం వచ్చిందంటే అందరికీ నిన్నటికే కావాలి." ఆ నెలంతా మిషను మీద దుప్పటి ఉంది. తీగల్లో మోటారు గోల లేదు కదా, లెక్క శుభ్రంగా వస్తుందని అతను ఆనాడు సంతోషించాడు కూడా.

ఇల్లు ఆషాఢాన్నే తన స్వభావం అనుకుంది. శ్రావణం దానికి వ్యాధిలా కనబడింది. ఏడు నెలలుగా ఎంతో మర్యాదగా, ఎవరినీ నొప్పించకుండా, ఆ వ్యాధికి వైద్యం చేస్తూ వచ్చింది.

డైరెక్టరు తారకేశ్వరరావు ఆ కాగితాలు రెండుసార్లు చూశాడు. చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"శ్రీకంఠంగారూ, మీరు చెప్పేది నేను కాదనను. కానీ ఎవరైనా ఆవిడను కుర్చీకి కట్టేశారా? చెయ్యి పట్టుకుని లేపారా? రెండు శాతమండీ. మా ఇంట్లో కరెంటు రోజూ పది శాతం ఊగుతుంది. మా ఆవిడ ఏదీ మానలేదు. నన్ను తిట్టడంతో సహా."

"ఆ ఊగిసలాటకు ఉద్దేశం లేదండీ. దీనికి ఉంది."

"దిద్దుదాం. వచ్చే విడతలో దిద్దుదాం. సోమవారం నాలుగు వందల ఇళ్ళ కాలనీలో బిగింపు. ఈ సాయంత్రంలోగా మీరు ఒప్పుకున్నట్టు రాసి ఇస్తే చాలు. నాలుగు వందల ఇళ్ళలో ఎంతమందికి కుట్టుమిషన్లు ఉంటాయి చెప్పండి?"

"కుట్టుమిషనే కానక్కరలేదు. విన్న నెలలో ఆ ఇంట్లో ఎవరు ఏది చేయకపోతే, అది మాన్పిస్తుంది."

తారకేశ్వరరావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ ఇంట్లో సంగతి మీరు చక్కబెట్టుకోండి. ఆ పెట్టెలు పీకేయండి. ఆవిడకు చెప్పనవసరం కూడా లేదు. నాలుగు రోజుల్లో ఆవిడే మళ్ళీ కుట్టడం మొదలుపెడుతుంది. ఎందుకు మానిందో తెలియనట్టే, ఎందుకు మొదలుపెట్టిందో కూడా తెలియదు. ఎవరికీ బాధ లేదు."

ఆ మాట ఎంతో సౌకర్యంగా ఉంది. దాన్ని పట్టుకునే అతను ఇంటికి బయలుదేరాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఇంకొక నమోదు గుర్తుకొచ్చింది. చూసి కూడా చూడనట్టు దాటివచ్చినది. కార్తీక బహుళ పంచమి, సాయంత్రం ఆరుంబావు. రెండవ గది, అంటే తన చదువుగది. దీపం రెండు శాతం ఎక్కువ వెలిగింది, కెటిల్‌లో నీళ్ళు మరిగాయి. ఆ సాయంత్రం అతనికి బాగా తెలుసు. పాడైన జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని ఇందుమతి ఏడుస్తుంటే, ఒకవేళ కరెంటులో తేడా ఏమైనా ఉందా అని అతనికి తోచింది. చూద్దామని వరండాలోని మెయిను బోర్డు దాకా వెళ్ళాడు. వెనక్కి చూస్తే చదువుగది వెచ్చగా, వెలుతురుగా కనబడింది. వెళ్ళి టీ కలుపుకుని పుస్తకం తెరిచాడు.

యంత్రమే నన్ను వెనక్కి పిలిచింది, అనుకున్నాడు. ఆ ఆలోచన ఎంత ఊరట ఇచ్చిందో గమనించి ఉలిక్కిపడ్డాడు.

అది పిలిచినది రెండు శాతం. మిగిలిన తొంభై ఎనిమిది ఎవరిది?

కిటికీ బయట ఊరు వెళ్ళిపోతోంది. అతను తనను తాను నిలదీసుకున్నాడు. ఇరవై రెండేళ్ళు పక్కగదిలోనుంచి మిషను టకటకలాడుతుంటే, చదివిన వాక్యమే మళ్ళీ చదువుకుంటూ, ఈ చప్పుడు లేకపోతే ఎంత బాగుండునని ఎన్ని సాయంత్రాలు అనుకోలేదు? కార్తీకం తరువాత ఆరు గ్రంథాలు పూర్తిచేశాడు. భార్య కుంగిపోతున్న ఇంట్లో అతనికి చదువు సాగింది. అతను కోరుకున్న నిశ్శబ్దాన్నే యంత్రం తెచ్చి ఇచ్చింది. దాని దగ్గరనుంచి తప్పించుకోవడానికి మెయిను స్విచ్చు ఉంది. తన కోరిక నుంచి తప్పించుకోవడానికి ఏముంది?

తెరిచి చూస్తే ఫోనులో నేటి అంచనా కూడా ఉంది. రోజంతా ఏడవ వస్తువు: సున్నా. పదకొండూ పదికి రెండవ గది: దీపం, కెటిల్. అంటే మిషను గుమ్మం దాటాక తాను పుస్తకం ముందు కూర్చుంటాడు. దానికి విరుద్ధంగా ఏదో ఒకటి చేయాలన్న కసి పుట్టింది. ఆ అంచనా చూసి దానికి ఎదురుతిరిగినా తన చేతిని నడిపేది ఆ అంచనాయే కదా అని కూడా తోచింది. ఎటు కదిలినా గోడ తగులుతోంది. ఆ గోడల్లో తీగలున్నాయి.

ఇల్లు చేరేసరికి పది దాటి నలభై నిమిషాలైంది. వాకిట్లో ఆటో ఆగి ఉంది. నూకరత్నం చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. పదిహేనేళ్ళుగా ఇందుమతి దగ్గర హుక్కులు కుట్టిన మనిషి, ఇప్పుడు సొంతంగా కుట్టుకుంటోంది.

"ఏటి బావగారూ, పెందలాడే ఒచ్చీసేరు? మిషను నేనెత్తుకుపోతానని బెంగెట్టుకున్నారేటి?" అని నవ్వింది. "మీ ఇల్లు సూస్తే నాకు ముచ్చటేస్తది బావగారూ. గుమ్మంలో అడుగెట్టేనో లేదో ఫ్యాను తిరిగీసింది. మా ఇంట్లో మూడుసార్లు కేకేస్తే గానీ మా ఆయన తిరగడు."

అతను వరండా మూలకు, మెయిను బోర్డు దగ్గరకు నడిచాడు. ఇనుప పెట్టె తలుపు తీసి స్విచ్చు పిడి మీద చెయ్యి వేశాడు. కిందికి లాగితే చాలు. పెట్టెలు పీకేయవచ్చు. మిషనును ఇవాళ్టికి ఏదో వంక చెప్పి ఆపవచ్చు. నాలుగు రోజుల్లో ఆమె చెయ్యి కుదుటపడుతుంది. ఎవరికీ బాధ లేదు.

ఎవరికీ తెలియకుండా, ఆమె మేలు కోరి, ఆమె చేత కుట్టించవచ్చు.

అతని చెయ్యి పిడి మీదనే బిగుసుకుపోయింది. యంత్రం చేసినది కూడా ఇదే. చెప్పకుండా మాన్పించడానికీ, చెప్పకుండా మొదలుపెట్టించడానికీ నడుమ తేడా ఎక్కడుంది? రెండింటిలోనూ ఆమె ఏడవ అంకె.

అతను చెయ్యి తీసేసి కుట్టుగదిలోకి వెళ్ళాడు.

ఇందుమతి మిషను సొరుగులు ఖాళీ చేస్తోంది. బాబిన్లు, సుద్దముక్కలు, సగం వాడిన దారపు ఉండలు ఒక డబ్బాలో సర్దుతోంది. నూకరత్నం మిషను కాళ్ళకు అంటిన పోగులు తుడుస్తోంది.

"ఇందూ," అన్నాడు. "నీ చేతికి ఏమీ కాలేదు. కళ్ళకూ ఏమీ కాలేదు. నేను పెట్టిన పెట్టెలు నిన్ను కుట్టనివ్వలేదు."

ఆమె తల ఎత్తింది. అతను నిలబడే చెప్పాడు. ఆషాఢం సంగతి చెప్పాడు. దీపం, ఫ్యాను, మోటారు, రెండేసి శాతాలు, రోజుకు నలభైసార్లు. నూకరత్నం చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మోటారు ఊగుతోందని నేను అన్నానండీ," అంది ఇందుమతి మెల్లగా. "దసరా ముందు అన్నాను. మీరు మీటరు పెట్టి చూశారు. సరిగానే ఉందన్నారు."

"మీటరులో సరిగానే కనబడుతుంది. అలా కనబడేటట్టే నేను రాశాను."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఈ ఉదయం." ఆ మాట నోట్లోనుంచి వచ్చాక అక్కడితో ఆగలేకపోయాడు. "కాదు. అనుమానం కార్తీకంలోనే వచ్చింది. నువ్వు ఏడ్చిన రోజున."

"వచ్చి?"

"వెళ్ళి పుస్తకం చదువుకున్నాను."

వీధిలో ఆటోవాడు హారను కొట్టాడు.

"ఎందుకూ?" అంది ఆమె. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు బాగుంది."

ఇందుమతి చేతిలోని దారపు ఉండను చాలాసేపు చూసింది. తరువాత దాన్ని డబ్బాలో వేయకుండా తిరిగి సొరుగులో పెట్టింది.

"ఆ చప్పుడు పడదని ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి అంటే తలుపు వేసుకునేదాన్ని కదండీ. దానికి ఇంత శాస్త్రం కావాలా?"

"ఓలమ్మో," అంది నూకరత్నం, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "అక్కా, ఆ పెళ్ళికూతురు తల్లి నిన్ను నానా మాటలూ అన్నాది కదే! ఆ మాటలు ఈ బావగారికి పడాలి." అని అతని వైపు తిరిగింది. "ఏటనుకోకండి. పడాలి మరి."

"పడాలి," అన్నాడు శ్రీకంఠం.

"ఇంకా ఎన్ని ఇళ్ళలో పెట్టారు?" అంది ఇందుమతి.

"ఇది ఒక్కటే. సోమవారం నాలుగు వందల ఇళ్ళలో పెడతారు. నేను ఒప్పుకుంటే."

ఆమె అతని వైపు చూసింది. ఆ చూపులో ఆజ్ఞ లేదు, ప్రార్థన లేదు. ఏం చేస్తాడో చూద్దామన్నట్టు ఉంది, అంతే. అతను ఫోను తీసి అక్కడే, వాళ్ళిద్దరి ముందే, తారకేశ్వరరావుకు చేశాడు.

"నేను ఒప్పుకోవడం లేదండీ. కారణం రాతపూర్వకంగా ఇస్తాను. కాలనీవాళ్ళకు కూడా ఒక ప్రతి ఇస్తాను. మా ఇంట్లోవి తీసేయాలో, ఉంచాలో ఇందుమతి చెబుతుంది. ఆమెకు చెప్పేశాను." అవతలినుంచి వస్తున్న మాటలు కాసేపు విని, "పన్నెండేళ్ళ పని అని నాకు తెలుసండీ," అని ఫోను పెట్టేశాడు.

"అక్కా, ఆటోవోడు తిట్టుకుంటన్నాడు. మిషను ఎత్తీమంటావా, ఉంచీమంటావా?" అంది నూకరత్నం.

ఇందుమతి మిషను మీద అరచెయ్యి ఆనించింది.

"ఉంచు. కుడతానో, కుట్టనో నాకు తెలీదు. ఇన్ని నెలలూ నాకు కుట్టాలని లేదనే అనుకున్నాను. అది నిజంగా నాకు లేకపోవడమో, ఈ పెట్టెలు నాకు లేకుండా చేయడమో తేలాలి. తేలాక నేనే కబురు చేస్తాను."

నూకరత్నం ఆటోవాడితో మాట్లాడటానికి బయటికి వెళ్ళింది. ఇందుమతి కత్తిరింపు బల్ల కింద ఉన్న స్టూలు లాక్కుని వరండాలోకి నడిచింది. బోర్డు ముందు వేసుకుని ఎక్కింది.

"ఇది లాగితే అన్నీ పోతాయి కదా?"

"అన్నీ పోతాయి."

ఆమె రెండు చేతులతో పిడిని కిందికి లాగింది. గదుల్లో ఫ్యాన్లు ఒకదాని తరువాత ఒకటి నెమ్మదించి ఆగాయి. ఫ్రిజ్ ఒకసారి వణికి ఊరుకుంది. ఎప్పుడూ వినబడని పక్కింటి వాళ్ళ మాటలు గోడ దాటి వచ్చాయి.

"స్క్రూడ్రైవరు తెచ్చుకోండి," అంది స్టూలు మీదనుంచే. "పంతొమ్మిదీ పీకి నా చేతికివ్వండి. లెక్కపెట్టుకుంటాను."

శ్రీకంఠం కుట్టుగదిలో మిషను పైనున్న బోర్డు దగ్గరకు వెళ్ళి మొదటి మర విప్పాడు.